అడవినాభి కుండీ

మాట్లాడటం మానేయడంలో నా అంత మొండిది నాంపల్లిలో ఇంకొకతె ఉండదు. పక్క పోర్షన్‌లో ఉండే ఆంధ్రావిడ శేషారత్నంతో ఎనిమిది నెలలు మాట్లాడలేదు. నేను "గీడ పెట్టు, గాడ పెట్టు" అనడాన్ని ఆవిడ వాళ్లాయన ముందు అనుకరించి నవ్వడం నా చెవిన పడింది. అసలే పంతొమ్మిది వందల అరవై తొమ్మిది, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఏడు. నోరు తెరిస్తే చాలు, ఎవరిది ఏ జిల్లానో తేల్చేసుకునే రోజులు. గన్‌ఫౌండ్రీలో నేను పాఠాలు చెప్పే బడి కూడా నెలల తరబడి మూతపడింది. ఉమ్మడి వాకిట్లో ఆవిడ ఎదురైతే తల తిప్పుకునేదాన్ని.

ఆ వాకిట్లోనే, మా గుమ్మం ముందు, నాయన కుండీ ఉండేది.

నాయన వామన్‌రావు అటవీ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. అరవై ఆరు జూన్‌లో అనంతగిరి నుంచి, నిప్పురంగు పువ్వులు పూసే అడవినాభి తీగ గింజలు పది తెచ్చి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి నాటాడు. రెండు నెలలకు రెండు మొలిచాయి, ఒకటే బతికింది.

"నలభై ఏండ్లు జంగిల్ల తిరిగిన. గింజ నుంచి పువ్వు దాంక ఒక్క మొక్కను గూడ చూడలే బిడ్డా," అన్నాడు.

నాభి తొందరపడే మొక్క కాదు. వానాకాలంలో లేస్తుంది. చలికాలానికి పైనంతా ఎండిపోయి, మట్టిలో గడ్డ మాత్రం మిగులుతుంది. పూయడానికి నాలుగైదేళ్లు పడుతుంది. నాయన కళ్లకు అంత ఓపిక లేదు. కంటినరం ఎండిపోతోందనీ, ఇంకో రెండేళ్లు చూపుంటే గొప్పనీ ఆబిడ్స్‌లో డాక్టరు అరవై ఎనిమిదిలోనే చెప్పేశాడు. మరుసటి ఏడు తీగ నా నడుము దాకా లేచింది గాని పూయలేదు. "వచ్చే వానకాలం పక్కా," అన్నాడు నాయన.

ఆ కార్తీకంలో, క్షీరాబ్ది ద్వాదశి నాడు, బడి నుంచి వచ్చేసరికి కుండీకి పసుపు, కుంకుమ. అందులో తులసి మొక్క. పక్కన శేషారత్నం.

"ఎండిపోయిన కుండీ గుమ్మం ముందు ఎందుకని మట్టి మార్చానండీ. ఇది మా ఊరి తులసి. ఇన్నాళ్లూ మాటల్లేవు, పండగ పూటైనా కలుపుకుందామని..."

"లోపల గడ్డ ఏమైంది?"

"చచ్చు దుంపేమో అనుకున్నానండీ. పొద్దున్నే చెత్తబండిలో వేసేశాను."

ఒళ్లు మండిపోయింది. కానీ ఏమని తిట్టను? అందులో గడ్డుందని ఒక్క మాట ముందే చెప్పి ఉంటే సరిపోయేది. మాటలు మానేసిన పంతంలో ఆ ఒక్క మాటా చెప్పలేదు. కోపంతో తులసిని పీకి పారేద్దామన్నా చెయ్యి ఆడలేదు. కుండీని వాకిట్లో ఓ మూలకు జరిపి, రోజూ నీళ్లు పోశాను.

నాయనకు చెప్పే ధైర్యం లేకపోయింది. జూన్ వచ్చింది.

"లేచిందా బిడ్డా?"

"ఔ నాయనా."

ఆకు కొసలు వంకీలు తిరిగి, పాకడానికి కట్టిన తాడును పట్టుకున్నాయని చెప్పాను. ఇంకా మొగ్గ పడలేదన్నాను. పదిహేనేళ్లు పాఠాలు చెప్పిన నోరు, ఎక్కడా తడబడలేదు. నాయనకు అప్పటికి మనుషుల ముఖాలు ఆనడం లేదు.

"ఎర్రది మాత్రం ఇంకా కనబడుతది. పక్కింటామె బొట్టు కనబడుతది. పువ్వు గూడ కనబడుతది," అని మురిసిపోయేవాడు.

ఆగస్టులో ఒక సాయంత్రం నేను వచ్చేసరికి కుండీ దగ్గర కూర్చుని ఉన్నాడు. గోడ పట్టుకుని ఒక్కడే వెళ్లినట్టున్నాడు. పువ్వు కోసం తడుముకున్న వేళ్లను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నాభి ఆకుకు గీ వాసన ఉండదు బిడ్డా."

శేషారత్నం తన గుమ్మంలో నిలబడిపోయింది.

"ఎన్నడు పోయింది?"

"పోయిన కార్తీకంల."

"ఎవరు తీసిన్రు?"

శేషారత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తొమ్మిది నెలలుగా ఈ ప్రశ్నకు ఆవిడ పేరే నా నాలుక చివర ఉంది.

"నేనే," అన్నాను.

నాయన వేళ్లు పంచెకు తుడుచుకున్నాడు.

"సరే తియ్యి. గిప్పుడు పూస్తే ఎట్లుంటుండెనో, జర నువ్వే చెప్పు."