లివా ఇసుకలో చెలమ

మోకాలి ఆపరేషన్ తర్వాత చేతికర్రతో నాలుగడుగులు వేయగలిగిన రోజే షమ్మా పట్టుపట్టింది.

"నా బావి చూసి రావాలి."

ఎనభై దాటిన ఆ ఎమిరాతీ ముసలమ్మ అల్ ఐన్‌లో కొడుకు కట్టించిన పెద్ద ఇంట్లో ఉంటుంది. ఆమెను చూసుకోవడానికి రాయచోటి నుంచి వచ్చిన అక్తర్ బీకి ఆ ఇల్లు, వెనక ఖర్జూరపు తోట తప్ప ఈ దేశం పెద్దగా తెలియదు. కొడుకు మొదట వద్దన్నాడు. తల్లి అన్నం మానేసేసరికి, డ్రైవర్ రాజేశ్వర్‌ని పిలిచి జాగ్రత్తలు చెప్పి పంపాడు. అది 2024 ఫిబ్రవరి. అంతకు కొద్దిరోజుల ముందే దేశమంతా గట్టి వాన పడింది.

అబుదాబి దగ్గర బండి దక్షిణానికి తిరిగింది. మొదట తెల్లగా ఉన్న ఇసుక పోనుపోను ఎర్రబడింది. దిబ్బలు కొండలంత ఎత్తు లేచాయి. వాటి మధ్య ఉప్పు పేరుకున్న చదును నేలలు ఎండిన చెరువుల్లా మెరుస్తున్నాయి. చమురు గొట్టాలు దారి పక్కనే సాగుతున్నాయి. దూరంగా ఒక గొట్టం కొసన మంట మండుతోంది.

షమ్మా అరబ్బీ, ఉర్దూ కలిపి చెప్పుకుపోయింది. "ఎండాకాలం మా నాయన ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు. ఆడవాళ్లం లివా ఒయాసిస్సు తోటల్లో ఖర్జూరాలు కోసేవాళ్లం. చలికాలం రాగానే ఒంటెలు తోలుకొని ఈ ఇసుకలోకి వచ్చేవాళ్లం. ఆ బావి దగ్గరే నేను పుట్టాను."

"మరి ఈ మంటలు ఎప్పుడొచ్చాయి మామా?" అడిగింది అక్తర్ బీ. ఇంట్లో పనివాళ్లంతా షమ్మాను అలాగే పిలుస్తారు. అరబ్బీలో అమ్మ అని అర్థం.

"నా చిన్నప్పుడు లారీలొచ్చాయి. నూనె వెతికేవాళ్లకు దారి చూపించే పనిలో చేరాడు మా నాయన. ఆ ఏడాదే మా గుడారంలో మొదటిసారి బియ్యం బస్తా నిలబడింది," అని నవ్విందామె.

లివా దాటాక తారురోడ్డు ఆగిపోయింది. ఎదురుగా కంచె, గేటు. కాపలా ఉన్న పఠాన్ గుల్ జమాన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "లోపలికి పర్మిషన్ లేదమ్మా. చమురు బావులున్నాయి."

షమ్మా కిటికీలోంచి దిబ్బలవైపు చాలాసేపు చూసింది. "నా బావి లోపల లేదు. ఆ దిబ్బ అవతల ఉంది," అంది.

రాజేశ్వర్ బండిని పక్కకు తిప్పాడు. వంద గజాలు పోయిందో లేదో చక్రాలు కూరుకుపోయాయి.

"ఖలాస్! బొడ్డుదాక దిగవడ్డదక్కా," అన్నాడు తల పట్టుకొని.

"టైర్లలో గాలి తీయి తమ్ముడా. ఆ పఠానన్న దగ్గర పార ఏమన్నా ఉంటుందేమో అడుగు," అంది అక్తర్ బీ. చక్రాల ముందు ఇసుక కాసేపు చేత్తో తోడి వెనక్కి తిరిగితే సీట్లో షమ్మా లేదు.

చెప్పులు సీటు కిందే ఉన్నాయి. ఇసుకలో పాదాల గుర్తులు, పక్కన చేతికర్ర గుంటలు. ఆ గుర్తుల వెంట అక్తర్ బీ రొప్పుకుంటూ దిబ్బ ఎక్కింది. అవతలి పల్లంలో షమ్మా కూర్చొని ఉంది.

"ఇక్కడే ఉండేది. ఇసుక మింగేసింది," అంది చిన్నగా. ముఖం వాడిపోయింది.

అక్తర్ బీ ఆమె పక్కనే చతికిలబడింది. వాన పుణ్యమా అని పల్లం నిండా పచ్చటి మొలకలు లేచి ఉన్నాయి. పైపొర చేత్తో తీస్తే కింద ఇసుక నల్లగా, చల్లగా తగిలింది. రాయచోటి పక్క మాండవ్య ఏట్లో బిందె పక్కన పెట్టుకొని అమ్మతో పాటు ఇసుక తోడిన రోజులు గుర్తొచ్చాయి.

"మామా, ఏరు ఎండితే మేం ఇసుకలో చెలమ తీస్తాం. గుంత తవ్వి నీళ్లు ఊరేదాకా కాచుకుంటాం. తీద్దామా?"

షమ్మా కర్ర పక్కన పడేసి తనూ చేతులతో తోడటం మొదలుపెట్టింది.

పారతో వచ్చిన మగవాళ్లిద్దరూ వాళ్లను చూసి బండి సంగతి మరిచిపోయారు. తవ్వేకొద్దీ అంచులు కూలుతుంటే అక్తర్ బీ గద్దించింది. "పైన వెడల్పు చెయ్ తమ్ముడా! సన్నంగా తవ్వితే నిలబడదు."

రాజేశ్వర్ నడుములోతు దిగాక చెమ్మ బురదైంది. నలుగురూ గట్టున కూర్చొని చూస్తున్నారు. అడుగున మెల్లగా తడి మెరిసింది.

"నీళ్లు ఊరతాండాయి!" అని అరిచింది అక్తర్ బీ.

నీళ్లు తేటపడ్డాక రాజేశ్వర్ గ్లాసుతో ముంచి అందించాడు. షమ్మా నాలుక తడుపుకొని, కళ్లు మూసుకొని, పకపకా నవ్వింది.

"ఉప్పు! అప్పుడూ ఇంతే. ఈ నీళ్లు ఒంటెలు తాగేవి, ఒంటెల పాలు మేం తాగేవాళ్లం."

అక్తర్ బీ తెచ్చిన పులిహోర, గుల్ జమాన్ కాచిన టీ ఆ గట్టునే నలుగురూ పంచుకున్నారు. "మంచిగున్నదక్కా, మనూరి వనభోజనం లెక్క," అన్నాడు రాజేశ్వర్ వేళ్లు నాకుతూ. తర్వాత అంతా కలిసి బండిని ఇసుకలోంచి బయటికి నెట్టారు.

సంగతి విని కొడుకు ముందు కోప్పడ్డాడు. తల్లి ఆ వారమంతా కర్ర ఊసెత్తకుండా ఇల్లంతా తిరుగుతుంటే ఇంకేమీ అనలేకపోయాడు. శుక్రవారం పిల్లలందరినీ ఎక్కించుకొని తనే చెలమ దగ్గరికి బండి నడిపాడు. గుంత సగం పూడిపోయింది. మనవలు తవ్వుతుంటే గట్టున చాప మీద షమ్మా, అక్తర్ బీ భుజాలు ఆనించుకొని కూర్చున్నారు.

"వెడల్పు చెయ్యండర్రా!" అని అరబ్బీలో గద్దిస్తోంది షమ్మా.