మట్టి కింది సాక్ష్యం

ఆళ్లగడ్డ బయలులో అరవై కుటుంబాలు రాళ్లు చెక్కుతుండగా, కోర్టు పంపిన వకీలు వాళ్ల మధ్యే నిలబడి ‘ఈమధ్య జరిగిన ఆక్రమణ’ అని రాసుకున్నాడు. విగ్రహాలకు నునుపు పెట్టే లీలావతికి ఒళ్లు మండింది.

“ఏంది సారూ ఆ రాత? మా మామ వాళ్ల నాయన గూడా ఈడనే చెక్కినాడు!”

“రుజువు చూపించమ్మా.”

రుజువట! తెల్లదొరల రిజిస్టరులో ఈ బయలు రాతిపనివాళ్ల ఉమ్మడి స్థలం. దొరలు పోయాక పంచాయతీ చేతికి వచ్చింది. ఊరు పట్నమయ్యాక, కొత్త రిజిస్టరు రాసిన మహానుభావుడెవడో ఆ ముక్క వదిలేసి ‘ప్రభుత్వ బంజరు’ అని గీకాడు. వాళ్ల పిల్లే, లా చదివే గీతాంజలి నంద్యాల నుంచి వచ్చి పాత నకలు అడిగితే, చెదలు తిన్నాయన్నారు. బంజరు కాస్తా అంగళ్లు కట్టుకోమని కాంట్రాక్టర్ జయప్రకాష్‌కు లీజైంది. అందరూ కలిసి కోర్టుకెక్కారు. ఇక మిగిలిన ఆశ ఈ వకీలు రిపోర్టొక్కటే. జేసీబీ అప్పటికే రోడ్డు మీద కాచుకుని ఉంది.

“రుజువు మట్టి కింద ఉండాది” అంది లీలావతి.

అందరూ తలలు వంచుకున్నారు. చెక్కేటప్పుడు పగిలిన దేవుణ్ని వాళ్లు అమ్మరు, పూజకివ్వరు. ఎవరి కంటా పడకుండా పాతిపెడతారు. ఫలానావాడు పగలగొట్టాడని తెలిస్తే ఆ చేతికి మళ్లీ పని రాదు. నాలుగు తరాల సిగ్గు ఆ నేలలో ఉంది.

మామ సుబ్బయ్య లేచాడు. “నోర్ముయ్! మన తప్పులు మనమే బయటేసుకుంటే రేపు ఎవురు పనిస్తారు?”

“చెక్కేదానికి చోటే పోతాంటే ఇంగ పని యాడ చేస్తావు మామా?”

గడ్డపార అందుకుంది. భర్త సుందరరాజు రాతిదుమ్ముకు ఊపిరితిత్తులు చెడి, దగ్గుతూ చెక్కిన ఆఖరి నరసింహస్వామి మెడ దగ్గర విరిగింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని పోయాడు. దాన్ని తవ్వి తీస్తూ వెక్కివెక్కి ఏడ్చింది. ఒట్టు తప్పినందుకు కాదు, ఆ మనిషి అంత సిగ్గు మోసుకుని చచ్చిపోయినందుకు.

“నా మొగుడు చేసింది. రాసుకో సారూ.”

పక్కింటి అనసూయమ్మ తన తండ్రి చెక్కినదాన్ని తీసింది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. చెవి లేని నందులు, ముక్కు విరిగిన అమ్మవార్లు. లోతుకు పోయేకొద్దీ ఇంకా పాతవి. వకీలు మొహం మాడ్చుకుని రాస్తూనే ఉన్నాడు.

జేసీబీ దగ్గరున్న జయప్రకాష్ ఫోన్ చేశాడు. పోలీసులు వచ్చి లీలావతిని వ్యానులోకి నెట్టారు. నేరం, ప్రభుత్వ భూమిని తవ్వడం. జేసీబీ కదిలింది.

సుబ్బయ్య దాని ముందుకే నడిచి, అక్కడే నేలను పొడిచాడు. చెయ్యి విరిగిన వేణుగోపాలుణ్ని పైకి లాగాడు.

“ఇది నేను పగలగొట్టినా. నలభై ఏండ్లు దాపెట్టినా. నేనూ తవ్వినా ఎస్సై సారూ, నన్నూ ఎక్కించు.”

“నేనూ తవ్వినా!” అంది అనసూయమ్మ.

“మేమూ!”

వ్యాను నిండిపోయింది. మిగిలినవాళ్లు గడ్డపారలు పట్టుకుని జేసీబీకి అడ్డంగా కూర్చున్నారు. ఇంకో నాలుగు వ్యాన్లు తెప్పించుకోమని ఎస్సైకి వాళ్లే చెప్పారు.