డ్రైవరు కాక ఏడుగురు

కుర్చీలోంచి లేవకుండా పదిమందిని ఊళ్ళు తిప్పడం ఎంత హాయో ప్లాను బావని చూస్తే తెలుస్తుంది. ఆయన డ్రైవరాంటీకి ఆడపడుచు మొగుడు. ఆ రెండు కుటుంబాల్లో ఎవరు ఎక్కడికి కదలాలన్నా ముందు ఆయన నోరు కదలాలి, అందుకే ఆ పేరు. స్కూలు సెలవుల్లో అందరూ కలిసి వెళ్ళే ప్రయాణం కోసం ఆ ఆదివారం మధ్యాహ్నం డ్రైవరాంటీ వాళ్ళింట్లో భోజనాలయ్యాక, బల్ల తుడిచీ తుడవకముందే పని మొదలుపెట్టాడు.

ఇక డ్రైవరాంటీ. ఆమె ఆ ఇంటి కోడలు, స్కూలు బస్సు నడుపుతుంది. ఆ పేరు బస్సులో పిల్లలు పెట్టింది. అది బస్సు దిగి ఇంటిదాకా వచ్చేసింది. సరదా పుడితే ఆడపడుచు కూడా అలాగే పిలుస్తుంది. ఏడాది పొడుగునా వెనక బస్సెడు పిల్లలు చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటే, బండి పట్టని సందుల్లో అంత బస్సునీ వెనక్కి తీసి, ఎవరి గేటుకీ గీత పడకుండా బయటపడే మనిషి. సెలవుల కోసం ఆమె ఎదురుచూసినంతగా ఆ పిల్లలు కూడా ఎదురుచూసి ఉండరు.

"మొదటి రోజు పెద్ద ఊరు" అన్నాడు ప్లాను బావ. "కోట, మ్యూజియం, సాయంత్రం బజారు. తెల్లారగానే బయల్దేరి అడవి. నేషనల్ పార్కు. రాత్రి అక్కడే గెస్ట్‌హౌస్‌లో. మర్నాడు అక్కణ్ణించి సముద్రం ఊరు. పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా మధ్యలో ఎక్కడా ఆగకుండా లాగించేస్తాం."

లాగించేస్తాం! లాగించేవాళ్ళెవరో! డ్రైవరాంటీ వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ పళ్ళు కొరుక్కుంది.

రెండిళ్ళకీ చెరొకరుగా ఉన్న పిల్లలిద్దరూ కిటికీ సీటు కోసం అప్పుడే జుట్లు పట్టుకున్నారు. వాళ్ళకి నచ్చజెప్పడానికి ప్లాను బావ గ్లాసులు తెచ్చి బల్ల మీద కారు కట్టాడు. నడుం నొప్పి కాబట్టి అత్తగారి గ్లాసు మధ్య వరుసలో. ఆవిడకి అటు ఆడపడుచు, ఇటు ప్లాను బావ. వెనక పిల్లలు చెరో కిటికీకి. ముందు ఎడం పక్కన, దారి చూడ్డానికి డ్రైవరాంటీ మొగుడు. గ్లాసులు అయిపోయాయి. చేతికందిన ఉప్పు డబ్బా తీసి ముందు కుడి పక్కన పెట్టి, "ఇదిగో, ఇది స్టీరింగు" అన్నాడు. అందరూ నవ్వారు. డ్రైవరాంటీ మొగుడు కూడా నవ్వాడు.

ఆ నవ్వుకే ఆమెకి ఒళ్ళు మండింది. ప్లాను బావ సంగతి సరే, ఆయన నోరూ ఆయన గ్లాసులూ. మొగుడికి ఏమైంది? కిందటి వారమే అతని పక్కన కూచుని మరీ చెప్పింది. "ఈసారి నేను నడపనండీ. ఎవరినైనా డ్రైవర్ని పెట్టుకుందాం. కిటికీ పక్కన కూచుని అడవి చూడాలని ఉంది నాకు." అతను ఫోన్లోంచి తల ఎత్తకుండా "ఊఁ, అలాగేలే" అన్నాడు. పిచ్చిది, దాన్నే మాట ఇవ్వడం అనుకుంది.

అది ఊరికే పుట్టిన కోరిక కాదు. రెండేళ్ళ కిందట ఇలాగే ఒక అడవి దారిలో వెళ్ళారు. ఉన్నట్టుండి కారంతా "అదిగో, అదిగో!" అని ఎగిరింది. దుప్పుల మంద అట, పిల్లలతో సహా అట, ఒకటి ఆగి కారు వైపే చూసిందట. ఆమె మెడ తిప్పేలోగా "రోడ్డు చూడు, రోడ్డు చూడు!" అని మొగుడు కేకేశాడు. ఆమె రోడ్డు చూసింది. తారు, గుంతలు, ముందు వెళ్ళే లారీ వెనక అంటించిన ఎర్ర పట్టీ. ఊళ్ళోకి వచ్చాక అందరినీ మ్యూజియం ముందు దింపి, కారు పెట్టే చోటు కోసం వీధులన్నీ గాలించి, తీరా చెమటలు కక్కుతూ వచ్చేసరికి వాళ్ళు బయటికి వస్తూ ఎదురుపడ్డారు. "పెద్ద చూడాల్సిందేం లేదులే" అని ఓదార్చాడు మొగుడు. ఆ ప్రయాణం ఫోటోల్లో ఆమె ఒక్కదాంట్లోనూ లేదు. కారు మాత్రం చాలావాటిలో ఉంది.

"అన్నయ్యగారూ" అంది డ్రైవరాంటీ, బల్ల దగ్గరికి వచ్చి. "నేను నడపను."

"ఒంట్లో బాగాలేదా?" అన్నాడు ప్లాను బావ కంగారుగా.

"నిక్షేపంగా ఉంది. నేనూ చూడ్డానికే వస్తాను. డ్రైవర్ని మాట్లాడుకుందాం. ఆ సంగతి మీ బావమరిదికి ముందే చెప్పాను."

అందరూ డ్రైవరాంటీ మొగుడి వంక చూశారు. అతను చెవి గోక్కున్నాడు. "అంది కానీ... ఏదో మాటవరసకి అనుకున్నా."

"వదినా, బయటివాడు ఉంటే మనం మనసు విప్పి మాట్లాడుకోగలమా?" అంది ఆడపడుచు. "పైగా నీ అంత బాగా ఎవరు నడుపుతారు? నువ్వు నడిపితే నాకు హాయిగా నిద్రొచ్చేస్తుంది."

"నాకూ రావాలిగా ఆ నిద్ర!"

ప్లాను బావ ఇబ్బందిగా ఉప్పు డబ్బాని కాస్త పక్కకి జరిపాడు. "నువ్వన్నది న్యాయమే చెల్లెమ్మా, కాదన్ను. కానీ ఒక చిక్కుంది. కారులో పట్టేదే ఏడుగురు. బయటి డ్రైవరు ఎక్కితే మనం ఎనిమిది మందిమి అవుతాం. ఒకరు ఆగిపోవాలి."

అత్తగారు నిట్టూర్చి, "పోనీ నేనే ఆగిపోతాలే నాయనా. ముసలిదాన్ని, ఎక్కడుంటే ఏం?" అంది.

అనడమే తడవు, ఇల్లు దద్దరిల్లింది. "అవేం మాటలమ్మా!" అంటూ ఆడపడుచు లేచి వెళ్ళి ఆవిడ భుజాలు పట్టుకుంది. "మీరు లేకుండా మేమెళ్ళడమా అత్తయ్యగారూ, అయితే ప్రయాణమే వద్దు" అన్నాడు ప్లాను బావ. డ్రైవరాంటీ మొగుడు తల్లి పక్కకి వచ్చి కూచుని చెయ్యి పట్టుకున్నాడు. పిల్లలు "నానమ్మా", "అమ్మమ్మా" అంటూ చెరో పక్కా చేరారు. డ్రైవరాంటీకి కూడా ఆవిణ్ణి వదిలి వెళ్ళాలని లేదు. ఆ మాట అనబోతుండగానే మొగుడు తల తిప్పి, ఎంతో ప్రేమగా అన్నాడు.

"పోనీ, నువ్వు ఆగిపోకూడదూ? ఎలాగూ రోజూ బండిలోనే ఉంటావు, నీకు తిరగడం కొత్తా? నాలుగు రోజులు హాయిగా ఇంట్లో పడుకో."

డ్రైవరాంటీ చుట్టూ చూసింది. అత్తగారు ఆగిపోతానంటే కుర్చీలు దొర్లించుకుంటూ లేచారు. ఇప్పుడు ఎవరి కుర్చీ కిర్రుమనలేదు. "అవును వదినా, పాపం, నీకూ విశ్రాంతి కావాలిగా" అంది ఆడపడుచు. ప్లాను బావ అమ్మయ్య అనుకుని డ్రైవరు కోసం ఫోన్లో వెతుకుతున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో డ్రైవరాంటీకి అప్పుడు తెలిసింది. తిట్టినా బాగుండేది. ఇలా ప్రేమగా దింపేశారు.

ఆమె అరవలేదు. తాళాల మేకుకి ఉన్న కారు తాళం తీసి కొంగున ముడేసుకుంది. కారు ఆమె జీతంతో కొన్నది, ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. అందరి ముందే ఫోను తీసి నేషనల్ పార్కు ఆఫీసు నంబరు వెతికి కొట్టింది. ఎవరో ఎత్తారు.

"ఏవండీ, మీ పార్కులో తిప్పి చూపించే బండి మీదే ఉంటుందా? మేం నడపక్కర్లేదుగా?"

"మాదేనమ్మా. డ్రైవరుంటాడు, జంతువుల్ని చూపించే మనిషీ ఉంటాడు. మీరు ఊరికే కూచోడమే."

ఊరికే కూచోడమే. ఆ రెండు మాటలకి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్లాను బావ పార్కుకని వేసిన రోజే తనకీ కావాలని చెప్పింది. పార్కు గేటు దాకా బస్సుందా అని అడిగింది. ఉందన్నారు.

"ఎంతమందమ్మా?" అన్నాడు అవతలి మనిషి.

డ్రైవరాంటీ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని మొగుడి వైపు తిరిగింది. అతను ఆమెనే చూస్తున్నాడు. ఇద్దరికి చెప్పు, నేనూ వస్తాను అంటే చాలు. ఆ నవ్వూ, ఆ "ఊఁ అలాగేలే"నూ, ఆ రోడ్డు చూడు కేకలూ అన్నీ అక్కడికక్కడే మర్చిపోయేది. మర్చిపోవడానికి సిద్ధంగా ఉంది. అతను నోరు తెరిచాడు కూడా.

"అయితే మమ్మల్ని ఎవరు తీసుకెళ్తారే?" అన్నాడు.

"అమ్మా, లైన్లో ఉన్నారా? ఎంతమంది?"

"ఒక్కత్తినే" అంది డ్రైవరాంటీ. "కిటికీ పక్కన ఇవ్వండి."