రాజయ్య మింగిన దగ్గు

పొద్దున ఏడింటికల్లా ఎల్లమ్మ రాయదుర్గం ఆఫీసు టవర్‌లో తొమ్మిదో అంతస్తు తుడవడం మొదలుపెడుతుంది. అప్పటికే ఖాజాగూడలోని ఒంటిగది ఇంట్లో వంట చేసి, మొగుడు రాజయ్యకు మందుగోలీలు మింగించి, గుండె ఆపరేషన్ కోసం నరం తీసిన కాలికి పొడుగు మేజోడు తొడిగి, అత్త రుక్కమ్మకు చాయ్ పోసి వస్తుంది. రాజయ్య క్యాబ్ డ్రైవరు. బైపాస్ అయి, ఇంటికొచ్చి తొమ్మిది రోజులైంది. ఈ తొమ్మిది రోజుల్లో ఎల్లమ్మ నడుము వాల్చింది లేదు. వాల్చమని అన్నవాళ్ళూ లేరు.

ఆ రోజు నేల తుడిచే మాపు నీళ్ళలో ముంచిందో లేదో దగ్గొచ్చింది. గరగరలాడే మగదగ్గు. సూపర్‌వైజర్ రోహిణి గాజు తలుపులోంచి తల బయటపెట్టింది.

"ఎల్లమ్మా, లోపల మీటింగ్ నడుస్తుంది. మీ ఆయన దగ్గు జర మెట్లకాడికి పోయి దగ్గు."

"నేనేం జేద్దునక్కా. ఆయన ఆడ మింగుతుండు, నాకీడ వస్తుంది."

"ఏం మొగుడో!" అని రోహిణి తలుపు మూసుకుంది. ఆ అంతస్తులో పనిచేసే ఒకమ్మాయి మాత్రం రోజూ రెండు దగ్గుబిళ్ళలు చేతిలో పెట్టి, "మీ వారికివ్వండి" అనేది.

ఆసుపత్రి నుంచి పంపేరోజున, ఊపిరి కసరత్తులు నేర్పే జ్యోతి గట్టి దిండు ఒకటి ఇచ్చి మరీ చెప్పింది. దిండును రొమ్ముకు అదిమి పట్టుకుని గట్టిగా దగ్గాలి, లేకపోతే కఫం ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది అని. రాజయ్య బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చాక ఆ దిండును తలకింద పెట్టుకున్నాడు. కోసి, తీగలతో కట్టిన రొమ్ము ఎముక ఒక్క దగ్గుకు విచ్చుకుంటుందని అతని భయం. రుక్కమ్మ భయం దానికి రెండింతలు. కొడుకు గొంతు గరగరమంటే చాలు, గోరువెచ్చని నీళ్ళు నోటికి అందించేది. "మింగు బిడ్డా, దగ్గకు. కుట్లూడుతయ్." రాజయ్య మింగేవాడు. మింగిన దగ్గు రాయదుర్గంలో పెళ్ళాం నోట్లోంచి వచ్చేది.

ఎల్లమ్మకు కోపం రాలేదు. ఆయన నొప్పి తీసుకోలేకపోయాను, దగ్గయినా తీసుకుంటున్నాను కదా అని లోలోపల కొంచెం గర్వమే. అంత అలసిన మనిషికి మరో బరువు ఎక్కినా తెలియదు.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో చూపించుకోవాల్సి ఉంది. రాజయ్య వీపు మీద స్టెతస్కోపు ఆనించిన జ్యోతి, పక్కన ఎల్లమ్మ మగదగ్గు విని ముఖం చిట్లించింది.

"ఎల్లమ్మా, అన్న దగ్గు నీకెన్ని రోజుల సంది వస్తుంది?"

"ఇంటికొచ్చినప్పటి సంది మేడమ్."

"నీకొచ్చేది ఉత్త చప్పుడు. కఫం అన్న లోపలనే గడ్డకడుతుంది. ఎడమ దిక్కు కింద గాలి ఆడుతలేదు. డాక్టర్ సారు రేపు సాయంత్రం దాకా చూస్తమన్నడు. గిట్లనే ఉంటే నిమోనియా అయితది, మళ్ళ ఊపిరి మిషన్ మీద పెట్టాలె. గా గుండె తట్టుకుంటదో లేదో నేను చెప్పలేను."

ఇంటికొచ్చాక ఎల్లమ్మ బతిమాలింది. "ఒక్కసారి దగ్గయ్యా."

"నాకు పానం పోతదే. నీకు నొప్పి లేకుంటనే వస్తుంది కదా, జర నువ్వే దగ్గు," అన్నాడు రాజయ్య. రుక్కమ్మ అప్పటికే నీళ్ళగ్లాసు పట్టుకుని ఉంది.

మర్నాడు పొద్దున తొమ్మిదో అంతస్తులో మళ్ళీ గొంతులోకి దగ్గు ఎగదన్నింది. ఎల్లమ్మ పెదాలు బిగించింది. తను మింగితే ఆయన దగ్గాలి. ఒకవేళ కుట్లు నిజంగానే ఊడితే? చేజేతులా చంపుకున్నట్టే. ఆపరేషన్ గది బయట కూర్చున్ననాడు కూడా ఇంత భయపడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాపు కర్ర పట్టుకుని, గుటక వేసి, దగ్గును మింగేసింది.

"ఏమైంది?" అంది రోహిణి.

"ఆయనది ఆయనకే పంపిన."

అయిదు నిమిషాల్లో ఫోన్. అవతల రుక్కమ్మ. "ఎల్లమ్మా, వాడు దగ్గబట్టిండే! ఎన్ని నీళ్ళు పోసినా దిగుతలేదు!"

"నీళ్ళొద్దత్తా. దిండియ్యి. రొమ్ముకు అదిమి పట్టుకొమ్మను."

"కుట్లు..."

"దిండియ్యత్తా!"

అత్తమీద గొంతు లేపడం పెళ్ళయిన పదిహేనేళ్ళలో అదే మొదలు. ఎల్లమ్మ ఫోన్ చెవికి నొక్కి పట్టుకుని ఇంకోటి మింగింది. అవతల రాజయ్య పెద్దగా దగ్గాడు. మూలిగాడు, ఏడ్చాడు, ఆమె పుట్టింటివాళ్ళందరినీ తిట్టాడు. ఆ తిట్లు వింటూ, గోడకు ఆనుకుని, వచ్చిన దగ్గునల్లా ఎల్లమ్మ మింగుతూనే ఉంది. చివరికి కాండ్రించి ఉమ్మిన చప్పుడు వినిపించింది.

"పచ్చగ, ఇంత గడ్డ పడ్డదే," అంది రుక్కమ్మ.

"కుట్లు?"

"మంచిగనే ఉన్నయ్."

సాయంత్రం జ్యోతి రెండుసార్లు విని, ఎడమవైపు గాలి ఆడుతోందని, మిషన్ అక్కర్లేదని ఇంటికి పంపించేసింది.

తిరిగొచ్చే ఆటోలో రాజయ్య మెల్లగా అడిగాడు. "గిన్ని దినాలు నా దగ్గు దగ్గుకుంటనే గంత పని జేసినవానే?"

ఎల్లమ్మ వినలేదు. అతని భుజం మీద తల వాల్చి, నోరు కొంచెం తెరుచుకుని, నిద్రపోతోంది. రాజయ్య గొంతులో మళ్ళీ దగ్గు కదిలింది. మింగితే ఆమె లేస్తుంది. అతను ముఖం రోడ్డువైపు తిప్పి, రెండు చేతులతో రొమ్ము అదిమి పట్టుకుని, నొప్పికి కళ్ళు మూసుకుని తనే దగ్గాడు.