మూడు రోజుల నక్షత్రాలు

“ఇంట్లో పడుండేదానికి నడుముకు ఆ మిషనెందుకే? ఎవురితో పందెం?” అని నాయన నవ్వినాడు. అమ్మ దాన్ని కొంగు కింద దాచుకునింది. కొట్టంలో కూర్చున్న నేను కూడా నవ్వినాను. ఇప్పుడు రాస్తాంటే సిగ్గుగా ఉండాది.

ఆ మిషను నాది. అగ్గిపెట్టెంత ఉంటుంది. మా ఫుట్‌బాల్ కోచ్ సుంకన్న సార్ అందరికీ ఒక్కొక్కటి ఇచ్చినాడు. నడుముకు తగిలించుకుంటే అడుగులు లెక్కబెడుతుంది. శనివారం అనంతపురం గ్రౌండులో సార్ దాన్ని కంప్యూటరుకు కలిపితే, తెర మీద మన పేరు ముందర ఏ రోజుకారోజు నక్షత్రాలు వస్తాయి, వెయ్యి అడుగులకు ఒకటి. ఆటలాగే ఉంటుంది. ఎక్కువొచ్చిన ఆరుగురు ఆడపిల్లలు బెంగళూరు మ్యాచ్‌లకు పోతారు.

సోమవారం నేను ముట్టయినాను. మా ఇంట్లో మూడు రోజులు కొట్టం దాటకూడదు. తెర మీద వరసగా మూడు సున్నాలు పడితే మగపిల్లలకు కూడా తెలిసిపోతుంది. అందుకే మిషను గడప మీద పెట్టి, “నువ్వు కట్టుకోమ్మా. నీకేం పని, ఊరికే అటూ ఇటూ తిరుగు” అన్నాను. అమ్మ దాని మీద పసుపునీళ్లు చల్లబోతే చెడిపోతాదని అరిచినాను కూడా.

శనివారం తెర వెలిగింది. నేను పరిగెత్తిన రోజులకు పది, పదకొండు నక్షత్రాలు. ఆ మూడు రోజులకు ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై మూడు.

“ఏమప్పా మగపిల్లలూ, చూసినారా! పుష్పా, ఆ మూడు దినాలూ ఏం ప్రాక్టీసు చేసినావు? చెప్పు, వీళ్లూ నేర్చుకుంటారు” అన్నాడు సార్. అందరూ చప్పట్లు కొట్టినారు. మొదటి ఆరు పేర్లలో నాదొకటి. ఏడో పేరు సువర్ణది. చప్పట్లు కొడుతూనే కళ్లు తుడుచుకునింది.

అమ్మ బోరు కాడికి ఎన్నిసార్లు పోయిందో, చేనికి ఎన్నిసార్లు సంగటి మోసిందో, నా ముందర అన్నం తట్ట దూరంగా పెట్టి ఎన్నిసార్లు వెనక్కి తిరిగిందో. నా కళ్ల ముందరే జరిగింది. నేను లెక్కపెట్టింది మటుకు నాకెన్ని నక్షత్రాలొస్తాయని.

లేచినాను.

“అవి మా అమ్మవి సార్. నేను ముట్టయి కొట్టంలో కూర్చోనుంటిని. నా పేరు తీసి సువర్ణ పేరు రాయండి.”

ఎవరో కిసుక్కుమన్నారు. సార్ వాళ్లను కసిరి, నా వైపు తిరిగి, “మీ అమ్మ ఏం పని చేస్తాదమ్మా?” అన్నాడు.

జట్టులో పేరు రాయించుకున్న దినం ఆయన ఇచ్చిన ఫారంలోనే ఆ ప్రశ్న ఉండాది. దాని ఎదురుగా నేనే, ముత్యాల్లాంటి అక్షరాలతో, “ఏమీ చేయదు” అని రాసినాను.