బోను ఖాళీగా ఉందండీ

జూకి వచ్చేవాళ్ళకి జంతువుల గురించి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గేటు పక్కన విచారణ గదిలో కూర్చుని రోజంతా నేను వినేది అదే. జిరాఫీకి తిండి చాలడం లేదని ఒకాయన, ఎలుగుబంటి తనని చూసి వెక్కిరించిందని ఒకావిడ, కదలకుండా పడుకున్న మొసలి ఉత్త బొమ్మని, మేం జనాన్ని మోసం చేస్తున్నామని ఒక కుటుంబం మొత్తం. వాళ్ళు చెప్పింది వినడం, తప్పిపోయిన పిల్లల కోసం మైకులో పిలవడం నా ఉద్యోగం. మొదట్లో ఓపిగ్గా జవాబు చెప్పేదాన్ని. ఇప్పుడు తల ఊపి పంపేస్తున్నాను.

ఆ రోజు బడికి సెలవు. ఆరేళ్ళ నా కూతురిని, అంటే మా బుడంకాయని, ఇంట్లో పట్టి ఉంచడం మా అత్తగారి వల్ల కాదు. దానికి నడవడం చేతకాదు, ఎక్కడికైనా పరుగే. ఆవిడకి మోకాళ్ళు సహకరించవు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. అందుకని ఇద్దరినీ వెంటబెట్టుకొచ్చి, జింకల ఆవరణ ముందున్న పందిరి కింద బెంచీ మీద కూర్చోబెట్టాను. ఇనప గొట్టాల మీద తీగలు దట్టంగా అల్లుకున్న పందిరి అది, ఎంత ఎండలోనైనా చల్లగా ఉంటుంది. బిస్కెట్లు, నీళ్ళ సీసా ఇచ్చి నా గదికి వచ్చేశాను.

గేటు తీసిన కాసేపటికే కొత్తగా పెళ్ళయినట్టున్న జంట ఒకటి నా కిటికీ ముందు నిలబడింది.

"చిరుత బోను ఖాళీగా ఉందండీ," అన్నాడు అబ్బాయి.

"ఖాళీ కాదు. వెనక గదిలో పడుకుంది," అన్నాను తలెత్తకుండానే.

మా చిరుతకి రెండు చోట్లున్నాయి. ముందువైపు జనానికి కనిపించే బోను, వెనకవైపు అది నిద్రపోయే గది. మధ్యలో చిన్న తలుపు, పగలు తెరిచే ఉంటుంది. దాని బద్ధకం చూసి మేమంతా దొరగారు అని పిలుస్తాం. బోనులో కనిపించకపోతే దొరగారు వెనక గదిలో ఉన్నట్టు లెక్క. వెనక పనిచేసేవాళ్ళకీ అదే లెక్క, గదిలో లేకపోతే ముందు ఎండ కాగుతున్నట్టు. ఇన్నేళ్ళలో ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్ళదీ అదే పాట. పులి లేదు, పులి ఎక్కడ, పులిని దాచేశారా. వెనక ఉంది, వెనక ఉంది, అని చెప్పీ చెప్పీ నా నోరు ఎండిపోయింది. ఒకావిడ వచ్చి, కోతులు కిందికి దిగడం లేదు, పిల్లాడు అరటిపండు చూపించినా పలకడం లేదు అంది. కోతులకి మాత్రం అలకలుండవా అన్నాను. ఇంకొకాయన, కొలనులో బాతులన్నీ నీళ్ళ మధ్యకి పోయాయనీ, ఫొటోకి అందడం లేదనీ అన్నాడు. ఆయనకి తల ఊపాను.

ఆ తర్వాత, వారానికోసారి వచ్చే రిటైరైన డ్రిల్లు మాస్టారు వచ్చారు.

"ఏమ్మా, మీ జింకలకి ఏమైంది? అన్నీ ఒక మూలకి చేరి నిటారుగా నిలబడ్డాయి. ఒక్కటీ గడ్డి ముట్టడం లేదు. అన్నీ ఒకేవైపు చూస్తున్నాయి."

"ఎటువైపు మాస్టారూ?"

"మనుషుల వైపే. ఆ పందిరి వైపు."

"మీరు ఈల వేస్తారని కాచుకునుంటాయి," అన్నాను. ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

చిరుతని చూసుకునే ఆయన టీ గ్లాసు పట్టుకుని నా గదిలోకి వచ్చినప్పుడు కూడా నేను నవ్వుతూనే ఉన్నాను. అందరికీ ఆయన బాబాయే.

"బాబాయ్, నీకు పుణ్యం ఉంటుంది, దొరగారిని లేపి ముందుకి తోలు. పొద్దున్నుంచీ జనం నన్ను పీక్కు తింటున్నారు."

"లేపడమేంటమ్మాయ్? ముందే ఉన్నాడుగా. నేనిప్పుడే వెనక గది కడిగొచ్చా."

"ముందు లేడు బాబాయ్."

"వెనకా లేడు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన చేతిలో టీ ఒలికి చెప్పుల మీద పడింది, ఆయనకి తెలియలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి బోను వైపు గబగబా నడిచాడు. కాసేపటికి ఫోన్ మోగింది, ఆయనే.

"పై వల ఒక మూల ఊడిపోయిందమ్మాయ్. రాత్రి గాలికి కొమ్మ విరిగి పడినట్టుంది." గొంతు తగ్గించాడు. "దొరగారు బయట ఉన్నాడు."

అప్పుడు జింకలు గుర్తొచ్చాయి. డ్రిల్లు మాస్టారు మాట అక్షరం పొల్లుపోకుండా చెవిలో వినిపించింది. అవి చూస్తున్నది మనుషుల వైపు కాదు. పందిరి మీద ఆ తీగల్లో ఎంత పెద్ద జంతువు పడుకున్నా కింద ఉన్నవాళ్ళకి తెలియదు. ఆ కింద నా బిడ్డ ఉంది. లేచి తలుపు దాకా వెళ్ళాను. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది.

"బాబాయ్, అది జింకల పందిరి మీద ఉంది. కింద మా బుడంకాయ ఉంది. నేను వెళ్తున్నా."

"వెళ్ళకు." ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "నిన్ను చూస్తే మీ పిల్ల ఏం చేస్తుంది?"

ఏం చేస్తుందో నాకు తెలుసు. అమ్మా అని కేక పెట్టి నాకెదురు పరిగెత్తుకొస్తుంది.

"పెద్దవాళ్ళు మామూలుగా నడిచిపోతే వాడు పట్టించుకోడు. చిన్నపిల్ల ఒక్కతే పరిగెడితే మాత్రం..." అని ఆగిపోయాడు. "ఆఫీసరుగారికి చెప్పేశా. నువ్వు మైకు దగ్గరే ఉండు."

ఈలోగా పక్కనున్న ఆఫీసు ఫోన్ మోగింది. ఆఫీసరుగారు. "చిరుత అన్న మాట మైకులో ఎత్తొద్దు. జనం తొక్కుకుంటారు. కరెంటు పని ఉందని చెప్పి అందరినీ గేటు దగ్గరికి రప్పించు. డాక్టరు మత్తు తుపాకి తీసుకుని బయల్దేరాడు."

"సార్, గేటు దగ్గరికి రమ్మంటే మా అమ్మాయి అందరికంటే ముందు పరిగెత్తుకొస్తుంది. నేనిక్కడే ఉంటానని దానికి తెలుసు."

"ఏం చెప్తావో నీ ఇష్టం," అని పెట్టేశారు.

మైకు మీట నొక్కాను. గొంతు వణికితే జనానికి అర్థమైపోతుంది. మా బుడంకాయకి ఇంకా ముందు అర్థమవుతుంది. నీళ్ళు తాగి మొదలుపెట్టాను.

"సందర్శకులకు మనవి. కరెంటు మరమ్మతు వల్ల జూని కాసేపు మూసేస్తున్నాం. అందరూ నెమ్మదిగా నడుచుకుంటూ గేటు దగ్గరికి రండి. చిన్నపిల్లల్ని ఎత్తుకోండి. ఎవరూ పరిగెత్తొద్దు." ఊపిరి తీసుకున్నాను. "జింకల పందిరి కింద ఉన్న నానమ్మా, మనవరాలూ మాత్రం కదలొద్దు. బుడంకాయా, నీకే చెప్తున్నా. నానమ్మ ఒళ్ళో కూర్చో. అమ్మ మళ్ళీ చెప్పేదాకా దిగకు."

జనం రావడం మొదలైంది. బుడంకాయ అన్న పేరు విని కొందరు నవ్వుకుంటున్నారు. పందిరి వైపు నుంచి వచ్చిన ప్రతి మొహంలోకీ చూశాను. ఎవరికీ ఏమీ తెలియదు. నా కిటికీ ముందు నుంచి వెళ్తూ ఒకావిడ పక్కావిడతో అంటోంది, "మనల్ని పొమ్మన్నారు గానీ ఆ ముసలావిడని మాత్రం ఉండనిచ్చారు చూశారా. ఆఫీసులో చుట్టాలుండాలి, అంతే."

ఇంకెప్పుడైనా అయితే ఊరుకునేదాన్ని కాదు. ఆ పూట ఆవిడ వెనక వస్తున్నవాళ్ళ మొహాలు చూస్తూ ఉండిపోయాను.

లోపల జూ ఖాళీ అయిపోయింది. బాబాయి, డాక్టరుగారు చెట్ల చాటున అటువైపు వెళ్ళడం చూశాను. ఆ తర్వాత ఏమీ కనిపించదు. నా బిడ్డకి కుదురుండదు, నా మాట ఆగిపోతే అది ఒళ్ళోంచి జారుతుంది. అందుకని మైకు వదల్లేదు. ఏం చెప్పాలో తోచక, జనం నాతో అన్న మాటలన్నీ దానికి చెప్పుకుంటూ పోయాను. మొసలి బొమ్మట బుడంకాయా. జిరాఫీకి తిండి పెట్టడం లేదట. ఎలుగుబంటి ఒకావిడని వెక్కిరించిందట. ఆ పెద్ద హారన్లలో నా గొంతు నాకే తిరిగి వినిపిస్తోంది, ఎవరో నిక్షేపంగా కబుర్లు చెప్పుకుంటున్నట్టు. మధ్యలో ఏ కేక వినిపిస్తుందోనని, ప్రతి మాటకీ చెవి అటే పెట్టాను. అంతటి భయం నా జన్మలో ఎరగను.

టప్పుమని చిన్న చప్పుడైంది. కోతులన్నీ ఒక్కసారిగా గోల పెట్టాయి. కొన్ని నిమిషాలకి ఏదో బరువైనది ధబ్బుమని నేల మీద పడింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఏం మాట్లాడానో తెలియదు. ఫోన్ మోగితే ఎత్తలేకపోయాను. మళ్ళీ మోగింది.

"రా," అన్నాడు బాబాయి. "ఇంక పరిగెత్తినా పర్లేదు."

పందిరి పక్కన గడ్డిలో దొరగారు పడున్నాడు, నాలుక బయటపెట్టి. డాక్టరుగారు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. మా అత్తగారు బెంచీ మీద అలాగే బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులూ మనవరాలి నడుము చుట్టూ. ఆ చేతులు విడదీయడానికి నేనూ బాబాయీ ఇద్దరం కావలసివచ్చింది.

బుడంకాయని గుండెలకి హత్తుకుని అక్కడే కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు.

"నేను ముందే చూశానమ్మా," అంది అది నా భుజం మీద నుంచి. "పైన ఆకుల్లోంచి తోక కనిపించింది. నానమ్మకి చెప్పా."

అత్తగారు తల దించుకుంది. "చెప్పిందే. జూలో పులి కనిపించకపోతే ఇంకెక్కడ కనిపిస్తుంది, కూర్చోవే అన్నాను. ఎక్కడో బోనులో కనిపించిందనుకున్నా. నేను తలెత్తి కూడా చూడలేదే తల్లీ."

"భయం వెయ్యలేదా నీకు?" అని బుడంకాయని అడిగాను.

"చాలా వేసింది. నీ దగ్గరికి పరిగెత్తుకొద్దామనుకున్నా. బెంచీ దిగా కూడా. అప్పుడే నువ్వు మైకులో కదలొద్దన్నావు." నా చెంప తుడిచింది. "నీకు అక్కడ్నుంచి మేం కనిపిస్తున్నామని తెలిసింది. నువ్వు చూస్తున్నావు కదా, ఇంక భయం వెయ్యలేదు."

నా కిటికీలోంచి గేటు తప్ప ఏమీ కనిపించదు. ఆ మాట దానికి నేనింతవరకూ చెప్పలేదు.