అవతలి కొస

చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఆవిడ రెండో కేబులు కొసను నెట్‌వర్కు స్విచ్చులోకి నొక్కింది. టక్కుమంది. ఆసుపత్రి పాత భవనంలో, మెట్ల కింద బీరువా అంత గది. యంత్రాల్లోని ఫ్యాన్ల హోరుకు ఆవిడ చెవులు ఎప్పుడో అలవాటు పడ్డాయి, పెళ్లెందుకు చేసుకోలేదన్న ప్రశ్నకు అలవాటు పడ్డట్టే.

ఫోనులో అవతల, కొత్త భవనంలో, గొణుగుడాయన. టైపు చేసే ప్రతి ముక్కా పైకి గొణుక్కుంటాడని అందరూ పెట్టిన పేరది. ఏళ్లుగా ఆవిడ ఈ కొస, ఆయన ఆ కొస. ఆయన గది గడప ఆవిడ తొక్కిందే లేదు. భార్య పోయాక ఆయన పనిలోకి వచ్చిన రోజున ఆవిడకు ఓదార్చడం చేతకాలేదు. సాయంత్రం దాకా ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.

ఎక్స్‌రే బొమ్మలు డాక్టర్లకు నత్తనడకన అందుతున్నాయి. రెండు భవనాల మధ్య ఉన్న ఒక్క కేబులుకు మరొకటి తోడు వేసి, రెంటినీ ఒకే దారిగా కలపడం ఇవాళ్టి పని.

"ఇటు జత కట్టేశానండీ. ఇంకా కలవట్లేదు."

"ఒక వైపు వాళ్లు ఒప్పుకుంటే సంబంధం కుదిరిపోతుందా? మా వాళ్లని కూడా అడగనివ్వండి." మాట మధ్యలో ఆయాసపడ్డాడు.

"మెట్లెక్కారా?"

"లిఫ్టు పాడైంది. ఉండండి... గ్రూపు ఒకటి... మోడు యాక్టివ్..."

స్విచ్చు మీద రెండు దీపాలూ పచ్చగా వెలిగాయి. ఆవిడ ఒక కేబులు లాగి చూసింది. బరువంతా రెండోది మోసింది. ఏదీ ఆగలేదు. తిరిగి పెట్టేసింది.

"ఇప్పుడు మీ వైపు ఒకటి పీకండి."

ఒక దీపం ఆరింది. బొమ్మలు సాఫీగా పోతూనే ఉన్నాయి.

"భేషుగ్గా ఉందండీ. ఇంక కేబులు తిరిగి పెట్టెయ్యండి."

దీపం వెలగలేదు. గొణుగుడు వినిపించలేదు. ఫోనులో అక్కడి ఫ్యాన్ల హోరొక్కటే.

"ఏవండీ..."

ఆవిడ కొత్త భవనానికి పరిగెత్తింది. దారిలో కనిపించిన నర్సును కేకేసింది. ఆయన తన గదిలో గోడకు చేరబడి, గడ్డం గుండెకు ఆనించి, కునుకు తీస్తున్నట్టున్నాడు. డాక్టరు వచ్చి, చేయి పట్టుకు చూసి, నెమ్మదిగా వదిలేశాడు.

"మీరు ఆయనకేమవుతారమ్మా?" అంది నర్సు.

"ఆయన ఇక్కడుంటే... నేను అటు చివర ఉంటాను," అంది ఆవిడ.

వాళ్లు ఆయన్ని తీసుకుపోయారు. నేల మీద పడివున్న కేబులు కొసను ఆవిడ తీసి స్విచ్చులో పెట్టింది. దీపం వెలిగింది. వెళ్లబోతూ అప్పుడు చూసింది. ఒక్కడే పనిచేసుకునే ఆ గదిలో, ఆయన పీట పక్కనే ఇంకో పీట ఉంది, దుమ్ము లేకుండా తుడిచి, మెత్తగా ఉండేందుకు మీద మడత పెట్టిన తువ్వాలు వేసి.